షార్త్ర చర్చిని ఒక రోజంతా పెట్టి చూడటం ఎలా

పారిస్ వెళ్తున్నవాళ్లు తరచూ అడిగే మాట: "మధ్యలో ఒక పూట ఖాళీ ఉంది, షార్త్రకి వెళ్లొచ్చేయొచ్చా?" షార్త్ర అంటే పారిస్‌కి దగ్గర్లోని ఊరు, అక్కడి పాత పెద్ద చర్చిని, దాని రంగుగాజు కిటికీలను చూడటానికి వెళ్తారు. వెళ్లొచ్చేయొచ్చు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. టూర్ బస్సు దింపింది, ముప్పావు గంట టైమన్నారు, లోపలికి వెళ్లి తల పైకెత్తి ఏవో నీలం ఎరుపు రంగులు చూసి, నలభై ఫొటోలు తీసుకుని బయటపడ్డాను. ఇంటికొచ్చి ఆ ఫొటోలు చూసుకుంటే ఏ కిటికీలో ఏ కథ ఉందో ఒక్కటీ తెలియలేదు. రెండోసారి పొద్దున్నే ట్రైన్‌లో వెళ్లి సాయంత్రం దాకా ఉన్నాను, కిటికీలు మాత్రం ఆరో ఏడో చూశాను, అవి ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తాయి. కాబట్టి నా మాట వినండి, పూట కాదు, రోజు పెట్టుకోండి. ఆ రోజు ఎలా గడపాలో వరసగా చెప్తాను.

ముందు బయల్దేరే సంగతి

షార్త్ర పారిస్‌కి నైరుతిగా సుమారు 90 కిలోమీటర్లు. మోంపర్నాస్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైళ్లు ఉంటాయి, గంటా గంటంబావు ప్రయాణం. పొద్దున ఎనిమిదీ తొమ్మిది మధ్య బయల్దేరేది ఎక్కండి. తిరుగు ట్రైన్లు ఏ టైముల్లో ఉన్నాయో కూడా అప్పుడే ఫోన్‌లో చూసి పెట్టుకోండి, ముఖ్యంగా చివరిది.

ఏ రోజు వెళ్లాలి అంటే, నేల మీద ఉన్న చక్రవ్యూహంలాంటి దారిలో నడవాలని ఉంటే శుక్రవారం. మిగతా రోజుల్లో దాని మీద కుర్చీలు వేసి ఉంటాయి. శుక్రవారం కూడా ఏడాది పొడవునా కాదు, మామూలుగా ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు ఉపవాస రోజుల నుంచి నవంబర్ 1న వచ్చే సకల పరిశుద్ధుల పండుగ దాకానే తీస్తారు. అందుకే వెళ్లేముందు చర్చి వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఆదివారం పూజకు వెళ్లాలనుకునేవాళ్లకు ఆదివారమే మంచిది కానీ, తిరిగి చూడాలనుకునేవాళ్లు ఆ రోజు మానుకోండి. పూజ జరుగుతుండగా మనం కెమెరా పట్టుకుని తిరగడం బాగోదు, తిరగనివ్వరు కూడా.

సంచిలో మర్చిపోకుండా పెట్టుకోవాల్సింది బైనాక్యులర్స్. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. లోపల కప్పు ఎత్తు 37 మీటర్లు, అంటే పన్నెండు అంతస్తుల బిల్డింగంత. పై వరస కిటికీల్లో ఎవరి ముఖం ఎలా ఉందో ఉత్త కళ్లకు ఆనదు. ఇంకొకటి శాలువా లేదా స్వెటర్, ఎండాకాలంలో కూడా. ఆ రాళ్ల మధ్య గంట కూర్చుంటే చలి పుడుతుంది.

లోపలికి ప్రవేశం ఉచితం. భూగర్భ చర్చికీ గోపురం ఎక్కడానికీ మాత్రం టికెట్లు. చెప్పులు విప్పనక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీసేయాలి, ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, ఫ్లాష్ వాడకూడదు. ఎవరితో మాట్లాడినా ముందు "బోన్‌జూర్" అనండి, దుకాణంలో అయినా చర్చిలో అయినా. అది అనకుండా నేరుగా ప్రశ్న వేస్తే అక్కడివాళ్లకు మొరటుగా అనిపిస్తుంది.

ట్రైన్ షార్త్ర దగ్గరికి వస్తుండగా కిటికీలోంచి చూస్తూ ఉండండి. చుట్టూ బోస్ మైదానం, గోధుమ చేలు, చెట్టూ గుట్టా పెద్దగా లేని చదును నేల. అందులోంచి రెండు శిఖరాలు లేస్తాయి, ఊరు ఇంకా కనబడకముందే. వందల ఏళ్లుగా యాత్రికులు నడిచొస్తూ చూసిన దృశ్యం అదే.

లోపలికి పరుగెత్తకండి

స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. పడమటి ముఖానికి ఎదురుగా నిలబడండి. రెండు శిఖరాలూ ఒకేలా లేవని ముందు గమనిస్తారు. మీ కుడివైపున ఉన్న సాదా శిఖరం పాతది, 12వ శతాబ్దానిది, ఎత్తు సుమారు 105 మీటర్లు. ఎడమవైపు జాలీ పనిలా చెక్కినది దానికంటే కొంచెం ఎత్తు, 113 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ ముందున్న చెక్క శిఖరం 1506లో పిడుగు పడి కాలిపోతే, జాన్ ద బోస్ అనే శిల్పి 1513కల్లా ఈ రాతి శిఖరం కట్టాడు. చాలామందికి ఎడమది నచ్చుతుంది. నాకు మాత్రం కుడివైపుదే గొప్ప. ఒక్క అలంకారం లేకుండా నాలుగు పలకల నుంచి ఎనిమిది పలకలకు అంత మెత్తగా మారిపోతూ పైకెళ్లింది చూడండి.

ఇప్పుడు కళ్లు కిందికి దించి మూడు ద్వారాలు చూడండి. దీన్ని రాజద్వారం అంటారు, 1145 ప్రాంతంలో మొదలైన పని. ద్వారాల పక్కన స్తంభాలంత పొడుగ్గా, సన్నగా నిలబడ్డ రాజులూ రాణులూ మొదట 24 మంది, ఇప్పుడు మిగిలింది 19. ఒంటిని చూస్తే స్తంభమే, ముఖాన్ని చూస్తే మనిషి. వాళ్ల బట్టల మడతలు, రాణుల పొడవాటి జడలు దగ్గరగా చూడండి, జడలు మన పెళ్లికూతురి జడంత పొడుగు.

ఎడమ ద్వారం కమాను మీద పన్నెండు రాశులూ, పన్నెండు నెలల పనులూ చెక్కారు. లెక్కపెట్టి చూడండి, రెండు రాశులు తక్కువొస్తాయి. చోటు చాలక మీనాన్నీ మిథునాన్నీ కుడి ద్వారం మీదికి పంపారు. పిల్లలతో వెళ్తే వాళ్లతో వెతికించండి, ఇష్టంగా వెతుకుతారు. ఆ కుడి ద్వారం మీదే ఏడు విద్యలున్నాయి: వ్యాకరణం, తర్కం, సంగీతం వగైరా, ఒక్కో విద్య ఒక్కో స్త్రీ రూపంలో. సంగీతం గంటలు మోగిస్తుంటే కింద కూర్చుని రాసుకుంటున్నాయన పైథాగరస్ అంటారు. వ్యాకరణమ్మ చేతిలో బెత్తం, ఎదురుగా ఇద్దరు పిల్లలు. చర్చి గుమ్మం మీద గ్రీకు పండితులేంటి అనిపించొచ్చు. ఆ కాలంలో షార్త్రలో పేరున్న విద్యాపీఠం ఉండేది, దూరదేశాల నుంచి వచ్చి చదివేవాళ్లు. ఆ చదువు మీద గౌరవమే ఈ రాయి మీదికెక్కింది.

ఉత్తరం వైపు, దక్షిణం వైపు కూడా పెద్ద మంటపాలున్నాయి, అవి 13వ శతాబ్దానివి. రెండూ పూర్తిగా చూడాలంటే రోజు అక్కడే అయిపోతుంది. ఉత్తర మంటపంలో ఒక్క బొమ్మ వెతకండి: దేవుడు ఆదామును మట్టితో చేస్తున్నాడు. ఆదాము తల దేవుడి ఒళ్లో ఉంది, ఆయన రెండు చేతులతో ఆ తలను పట్టుకుని తీర్చిదిద్దుతున్నాడు. నిద్రపోతున్న బిడ్డ తల తల్లి ఒళ్లో ఉన్నట్టుంటుంది. ఎవరు చెక్కారో పేరు లేదు.

లోపలికి వెళ్లాక మొదటి పావుగంట

ఏమీ చేయకండి. మధ్యలో ఒక కుర్చీ చూసుకుని కూర్చోండి. బయటి వెలుతురులోంచి వచ్చిన కళ్లకు మొదట అంతా మసగ్గా ఉంటుంది, పది పదిహేను నిమిషాలకు కళ్లు అలవాటు పడ్డాక కిటికీలు ఒక్కొక్కటే వెలగడం మొదలుపెడతాయి. ఎండ బాగా ఉన్న రోజే వెళ్లాలని టెన్షన్ పడకండి, మబ్బు పట్టిన రోజున నీలం ఇంకా లోతుగా ఉంటుంది.

కూర్చున్నంతసేపూ ఇది తల్చుకోండి. 1194 జూన్ 10న ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అంతకుముందున్న చర్చిలో పడమటి ముఖం, గోపురాలు, భూగర్భ భాగం తప్ప దాదాపు అంతా పోయింది. ఊరికి ప్రాణంగా చూసుకునే వస్త్రం ఒకటుంది, క్రీస్తును కన్నప్పుడు మరియమ్మ ధరించిందని నమ్మే పట్టుబట్ట, 876లో రాజు బోడి చార్లెస్ ఇచ్చాడంటారు. అది కూడా కాలిపోయిందని జనం గుండెలు బాదుకున్నారట. మూడో రోజున పూజారులు దాన్ని భూగర్భంలోంచి భద్రంగా పైకి తెచ్చేసరికి, మరియమ్మ ఇంకా పెద్ద ఇల్లు కోరుకుంటోందని నమ్మి మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మీరు కూర్చున్న కట్టడంలో ప్రధాన భాగం పాతికేళ్లు ముప్ఫై ఏళ్లలోనే లేచింది. 1260 అక్టోబర్ 24న, రాజు తొమ్మిదో లూయీ సమక్షంలో ప్రతిష్ఠ జరిగింది. ఇంత త్వరగా కట్టారు కాబట్టే ఎటు చూసినా ఒకే చేతి పనిలా ఉంటుంది.

గోడలు ఎందుకింత తెల్లగా ఉన్నాయి అని మీకు అనిపిస్తుంది. 2009 నుంచి లోపల శుభ్రం చేసే పని జరిగింది. శతాబ్దాల మసి తీసేసి, కింద దొరికిన 13వ శతాబ్దపు పూతను బట్టి లేత పసుపు రంగుకు తెచ్చారు. దీని మీద పెద్ద గొడవే అయింది, చీకట్లో కిటికీలు వెలిగే అందం పోయిందని కొందరు, కట్టినవాళ్లు చూసింది ఇదేనని ఇంకొందరు. ఆ చీకటిని చూసినవాడిగా నాకూ బెంగగానే ఉంది, కానీ స్తంభాలు పైకి ఎలా వెళ్లి కప్పులో కలుస్తున్నాయో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి.

కిటికీలు చదవడం

ఇదే అసలు పని, దీనికి కనీసం రెండు గంటలు పెట్టండి. మొత్తం 170కి పైగా కిటికీలున్నాయి, గాజు వైశాల్యం సుమారు 2,600 చదరపు మీటర్లు. అన్నీ చూడాలనుకోవడమే పొరపాటు. మెదక్ చర్చిలో రంగుగాజు కిటికీలు చూసినవాళ్లు మనలో చాలామంది ఉంటారు, అక్కడ క్రీస్తు జననమో సిలువో దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. షార్త్ర కింది వరస కిటికీలు అలా ఉండవు. ఒక్కో కిటికీలో ఇరవై ముప్ఫై చిన్న బొమ్మలు, గుండ్రాలూ పలకలూగా. వాటిని కింది నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి చదవాలి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది పై నుంచి మొదలుపెట్టి ఏమీ అర్థంకాక వదిలేస్తారు.

మొదటిది నోవహు కిటికీతో మొదలుపెట్టండి. పడమటి ద్వారం నుంచి లోపలికొచ్చి ఎడమపక్క నడవలో మొదటి కిటికీ. కథ అందరికీ తెలిసిందే కాబట్టి చదవడం అలవాటవుతుంది: ఓడ కట్టడం, జంతువులు జంటలుగా ఎక్కడం, నీళ్లలో తేలుతున్న శవాలు, పావురం, ఇంద్రధనుస్సు. అన్నిటికన్నా కింద చూడండి, వడ్రంగులూ బండిచక్రాలు చేసేవాళ్లూ పని చేసుకుంటూ ఉంటారు. ఇలా చాలా కిటికీల అడుగున వృత్తులవాళ్లు ఉన్నారు: చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, ద్రాక్షసారా వర్తకులు, నీళ్లు మోసేవాళ్లు. మన గుళ్లలో గచ్చు రాళ్ల మీద దాతల పేర్లు చెక్కినట్టు వీళ్లే డబ్బిచ్చి వేయించారని చాలాకాలం అనుకున్నారు, నిజంగా వాళ్లే ఇచ్చారా అన్నదాని మీద పండితుల్లో వాదనలున్నాయి. ఎవరిచ్చినా సరే, ఒక రొట్టెల కొట్టు మనిషి ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గాజులో వెలుగుతూ ఉన్నాడు.

తర్వాత ఎదురు నడవకు వెళ్లండి, అంటే కుడివైపు. పడమటి నుంచి మూడోది మంచి సమరయుని కిటికీ. అడుగున చెప్పులు కుట్టేవాళ్లు, వాళ్ల పైన దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడిపోయిన బాటసారిని సమరయ ప్రాంతంవాడొకడు లేవనెత్తి ఆదుకున్న కథ, అది సగానికి వచ్చేసరికి అయిపోతుంది. అక్కడి నుంచి ఆదాము, హవ్వల కథ మొదలవుతుంది. రెంటికీ సంబంధమేంటి? ఆ పడిపోయిన బాటసారి ఆదామే, అంటే మనమందరం, లేవనెత్తిన సమరయుడు క్రీస్తు అని. కిటికీ రెండు కథల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి ఊరుకుంది, కలిపి చూడటం మన పని. నాకు ఈ కిటికీ దగ్గర ముప్పావు గంట ఎలా గడిచిందో తెలియలేదు, మొదటిసారి వచ్చినప్పుడు మొత్తం చర్చికి ఇచ్చిన టైమది.

అక్కడి నుంచి బలిపీఠం వెనక ప్రదక్షిణ చేసినట్టు తిరిగి వచ్చే దారి ఉంది. దక్షిణం వైపు ఆ దారి మొదట్లోనే "బెల్ వెర్రియేర్" అనే కిటికీ, అంటే అందమైన గాజు కిటికీ అని. మధ్యలో నీలి వస్త్రంలో బాలయేసును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ. ఈ మధ్య భాగం 1180 ప్రాంతానిది, 1194 మంటల్లోంచి మిగిలింది. చుట్టూ ఉన్న దేవదూతలు తర్వాత చేర్చినవాళ్లు. ఆ నీలం చూడండి, గాజులో కోబాల్ట్ కలిపితే వచ్చిన రంగు అది, దేవదూతల వెనకున్న ముదురు నీలం కంటే తేలిగ్గా ఆకాశంలా ఉంటుంది. ముఖాల గీతలు మాత్రం గాజు మీద నల్లటి రంగుతో గీసి కొలిమిలో కాల్చినవి, మిగతా రంగు గాజులోనే పుట్టింది. ముక్కల్ని కలిపే నల్లగీతలు సీసం పట్టీలు.

ఇక గుండ్రటి పెద్ద కిటికీలు. ఉత్తరందాని కింద మధ్యలో అన్నమ్మ తన కూతురు మరియను ఎత్తుకుని ఉంటుంది, చుట్టూ ఫ్రెంచి రాజవంశపు లిల్లీ పువ్వులు, తొమ్మిదో లూయీ తల్లి రాణి బ్లాంష్ పుట్టింటి గుర్తు కోటలు. దక్షిణందాని కింద ఇంకా వింత: సువార్తలు రాసిన లూకా, మత్తయి, యోహాను, మార్కు నలుగురూ చిన్న మనుషుల్లా, యిర్మీయా, యెషయా, యెహెజ్కేలు, దానియేలు అనే పెద్ద ప్రవక్తల భుజాల మీద ఎక్కి కూర్చున్నారు. మనం మహానుభావుల భుజాల మీద కూర్చున్న మరుగుజ్జులం, అందుకే వాళ్లకంటే దూరం చూడగలుగుతున్నాం అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అన్నవాడు ఈ ఊళ్లోనే పాఠం చెప్పిన బెర్నార్డ్ అని, తర్వాత ఇక్కడే బిషప్ అయిన జాన్ ఆఫ్ సాలిస్‌బరీ రాసిపెట్టాడు. గాజు వేసినవాళ్లకు ఆ మాట గుర్తుందో లేదో చెప్పలేను, కానీ నాకు మాత్రం చూసిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

భోజనం, భూగర్భం, గోపురం

మధ్యాహ్నం 12కి బయటికొచ్చేయండి, చాలా హోటళ్లలో వంటిల్లు రెండింటికల్లా మూసేస్తారు. శాకాహారులు గోధుమ కాని కుట్టు (బక్‌వీట్) పిండితో చేసే ఉప్పటి దోసెలాంటి గలెత్ అడగండి, చీజ్, పుట్టగొడుగులు వేసి ఇస్తారు, "సాఁ వియాండ్" అంటే మాంసం వద్దని. గుడ్డు వద్దంటే అది కూడా విడిగా చెప్పాలి.

భూగర్భ చర్చికి గైడుతోనే వెళ్లాలి, టైముల్ని బట్టి టికెట్ పొద్దున్నే తీసుకోండి. బిషప్ ఫుల్బేర్ 11వ శతాబ్దంలో కట్టించినది, ఫ్రాన్సులో అన్నిటికంటే పొడవైన భూగర్భ చర్చి ఇదే. లోపల 33 మీటర్ల లోతు బావి ఉంది. అక్కడి మరియమ్మ పాత విగ్రహాన్ని ఫ్రెంచి విప్లవకాలంలో తగలబెట్టారు, ఇప్పుడున్నది 20వ శతాబ్దంలో చేసినది. గైడు ఫ్రెంచిలో చెప్పినా వెళ్లండి, ఆ చల్లదనం, ఆ నిశ్శబ్దం అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

గోపురం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు వద్దు, ఇరుకు మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి. ఎక్కగలిగితే పైనుంచి పచ్చటి రాగి కప్పు కనబడుతుంది. పాత చెక్క దూలాల కప్పు 1836లో కాలిపోతే ఈసారి ఇనుప దూలాలతో వేశారు.

మళ్లీ లోపలికి వచ్చాక బలిపీఠం చుట్టూ ఉన్న రాతి తెర చూడండి. జాన్ ద బోస్ 1514లో మొదలుపెట్టాడు, పూర్తయ్యేసరికి రెండు వందల ఏళ్లు పట్టింది. నలభై ఘట్టాలు, మరియ, యేసుల జీవితం. ఆ పట్టుబట్టను ఉంచిన చిన్న ప్రార్థనాగది ఈ ప్రదక్షిణ దారిలోనే వస్తుంది. అక్కడ మోకరించి ఉన్నవాళ్ల ముందు నిలబడి ఫొటో తీయకండి.

శుక్రవారమైతే నేల మీది దారి నడవండి. అడ్డకొలత 13 మీటర్లకు కాస్త తక్కువ, కానీ మొత్తం దారి 261 మీటర్లు. అభిమన్యుడి పద్మవ్యూహం కాదిది, దారి ఒక్కటే, తప్పిపోవడం ఉండదు. మధ్యకు దగ్గరగా వచ్చామనుకోగానే అది మిమ్మల్ని అంచుకు పంపేస్తుంది, ఇక చాలా దూరం అనుకుంటున్నప్పుడు హఠాత్తుగా మధ్యలోకి చేరుస్తుంది. ఎదురొచ్చేవాళ్లకు పక్కకు జరిగి దారివ్వండి, మెల్లగా నడిచే ముసలివాళ్లను తొందరపెట్టకండి.

సాయంత్రం

కాళ్లు సహకరిస్తే మెట్ల సందుల్లోంచి కింది ఊరికి దిగండి. యూర్ నది ఒడ్డున పాత బట్టలుతుకు రేవులు, చిన్న రాతి వంతెనలు ఉన్నాయి, అక్కడి నుంచి తల ఎత్తి చూస్తే చర్చి వెనక భాగం, దాన్ని మోస్తున్న రాతి ఊతకమానులు కనిపిస్తాయి. ఊరి పక్కనే లేవ్ అనే చోటు ఉంది. 1944 ఆగస్టు 16న, గోపురంలో జర్మన్ సైనికులు దాక్కున్నారన్న అనుమానంతో అమెరికన్ సేన దాన్ని పేల్చడానికి సిద్ధపడితే, వెల్‌బోర్న్ గ్రిఫిత్ అనే కల్నల్ తానే లోపలికి వెళ్లి వెతికి, ఎవరూ లేరని తేల్చాడు. పేల్చే ఆజ్ఞ ఆగిపోయింది. అదే రోజు లేవ్‌లో జరిగిన కాల్పుల్లో ఆయన చనిపోయాడు. కిటికీల గాజు 1939లోనే ఊడదీసి దూరంగా దాచారు కానీ, ఆ రాళ్లు నిలవడంలో ఈయన చేయి ఉంది.

చర్చి మామూలుగా సాయంత్రం ఏడున్నర దాకా తెరిచి ఉంటుంది. మూసే ముందు ఒక గంట ఉండగా తిరిగి లోపలికి వెళ్లండి, ఈసారి బలిపీఠం వైపు నుంచి పడమటికి తిరిగి కూర్చోండి. రాజద్వారం పైన మూడు పొడవాటి కిటికీలు, 1150 ప్రాంతానివి, అగ్నిప్రమాదం నుంచి బతికినవే. కుడివైపుది దావీదు రాజు తండ్రి యెష్షయి వంశవృక్షం: కింద పడుకున్న యెష్షయి ఒంట్లోంచి చెట్టు లేచి, కొమ్మకో రాజుతో పైన మరియ, క్రీస్తుల దాకా వెళ్తుంది. అస్తమించే ఎండ నేరుగా వీటి మీదే పడుతుంది. వెలుగు తగ్గేకొద్దీ ముందు ఎరుపు నల్లబడిపోతుంది, తర్వాత పసుపు, ఆకుపచ్చ. చీకటికి అలవాటు పడే కంటికి నీలం చివరిదాకా కనిపిస్తుంది. కాపలా మనిషి తాళాల గుత్తి చప్పుడు చేస్తూ వచ్చేదాకా కూర్చోండి, స్టేషన్ పది నిమిషాలే.